పాత చర్చికి సిమెంట్ కొట్టించొచ్చా?

ప్రశ్న: మా విజయనగరం వైపు పాత ఆర్‌సీఎం చర్చి అండి, మొనదేలిన ఆర్చీలు, లావుపాటి సున్నం గోడలు. ఇలాంటివి ఎవరు కట్టించారు? పెచ్చులూడుతున్నాయని సిమెంట్ ప్లాస్టరింగ్ అంటున్నారు, పర్లేదా?

జవాబు: మన వైపు పాత క్యాథలిక్ చర్చిలు చాలావరకు 1846లో విశాఖలో దిగిన ఆనెసీ (ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న ఊరు) ఫాదర్ల మిషన్ తాలూకువే. మీ వైపు చర్చిలుండే శ్రీకాకుళం డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) విశాఖ నుంచి విడిపోయిందే 1993లో, కాబట్టి పాత కాగితాల కోసం విశాఖలో కూడా అడగండి. సిమెంట్ మాత్రం వద్దండి బాబూ, సున్నం గోడ నేలలోంచి పీల్చిన చెమ్మని బయటికి వదిలేస్తుంది, పైన సిమెంట్ కొడితే ఆ చెమ్మ లోపలే ఉండిపోయి ఉప్పు పొంగి ఇటికలే పొడైపోతాయి. ముందు గోడ మొదట్లో వాననీళ్లు నిలవకుండా చూసి, తర్వాత సున్నంతోనే పూత వేయించండి.