ఆధార్ ఇచ్చినా ఖాతాలో డబ్బు పడలేదెందుకు?

ప్రశ్న: పీఎం కిసాన్ వాయిదా 2,000 రూపాయలు మా అమ్మకు జమ అయినట్టు వెబ్‌సైట్‌లో కనిపిస్తోంది. గ్రామీణ బ్యాంకు పాస్‌బుక్‌లో మాత్రం ఆ పద్దు లేదు. ఖాతాకు ఆధార్ ఎప్పుడో ఇచ్చాం. వచ్చే కొద్దిపాటి సొమ్మూ ఆమె చేతికి అందాలంటే ఏం చేయాలి?

జవాబు: ఆ డబ్బు మీ అమ్మగారి పేరుతోనే ఉన్న మరో ఖాతాలో పడి ఉండవచ్చు. ఆధార్‌ను ఎన్ని ఖాతాలకైనా జతచేయవచ్చు. కానీ ఆధార్ ఆధారంగా పంపే నగదు బదిలీ మాత్రం ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులను నడిపే జాతీయ సంస్థ) మ్యాపింగ్‌లో, అంటే ఏ ఆధార్‌కు ఏ బ్యాంకు అన్న జాబితాలో, చివరగా నమోదైన ఒక్క బ్యాంకుకే చేరుతుంది. 2017లో ఎయిర్‌టెల్ సిమ్ ధ్రువీకరణ కోసం ఆధార్ ఇచ్చిన ఎందరికో తెలియకుండానే ఆ సంస్థ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరుచుకోవడం, వాళ్ల గ్యాస్ రాయితీ అందులోకి వెళ్లడం ఇలాగే జరిగింది.

మైఆధార్ పోర్టల్‌లో ఓటీపీతో లాగిన్ అయి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే ప్రస్తుతం ఏ బ్యాంకు నమోదై ఉందో తెలుస్తుంది. ఇప్పటికే పడిన సొమ్మును ఆ బ్యాంకు నుంచే తీసుకోవాలి. ఇకపై గ్రామీణ బ్యాంకుకే రావాలంటే ఆ శాఖకు వెళ్లి, ఆధార్ లింక్ చేయమని మాత్రమే అడగకుండా, నగదు బదిలీ కోసం ఎన్‌పీసీఐ మ్యాపింగ్‌ను ఈ ఖాతాకు మార్చమని అంగీకార పత్రం ఇవ్వండి.

ఆమె నడిచి వెళ్లగలిగే శాఖలో, అప్పుల వాయిదాలేవీ ఆటో డెబిట్ కాని ఖాతానే ఇందుకు ఎంచుకోవాలన్నది నా గట్టి సలహా. వాయిదా కోత ఉన్న ఖాతాలో పడిన సాయం ఆమె చూడకముందే అప్పుకు జమ అయిపోతుంది, ఇక ఇంటి ఖర్చుకు లెక్క వేసుకోవడానికి ఏమీ మిగలదు. జన్‌ధన్ వంటి ప్రాథమిక పొదుపు ఖాతాకు కనీస నిల్వ నిబంధన లేదు కాబట్టి అదైతే మేలు. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్షా బీమా పథకాల్లో చేరి ఉంటే మే నెలాఖరులో వరుసగా 436, 20 రూపాయల ప్రీమియాలు కోత పడతాయి. అంత మొత్తం ఖాతాలో ఉంచండి.

బ్యాంకు తరఫున ఊళ్లో డబ్బు ఇచ్చే బ్యాంక్ మిత్ర దగ్గర వేలిముద్రతో తీసుకునేటప్పుడు యంత్రంపై మొత్తం చూశాకే వేలు పెట్టాలి, రసీదు అడిగి తీసుకోవాలి. 'ఫెయిలైంది, మళ్లీ పెట్టండి' అంటే ముందు మిగిలిన నిల్వ ఎంతో చూపించమనండి. మిగతా రోజుల్లో ఎంఆధార్ యాప్‌లో ఆమె బయోమెట్రిక్‌ను లాక్ చేసి ఉంచి, అవసరమైన రోజున మీరే తెరిచి ఇవ్వవచ్చు.