బుజ్జిగాడి మాటలకు స్నానం వేళ చాలు

అమ్మాయ్,

బుజ్జిగాడికి ఏడాదిన్నర దాటినా నాలుగైదు మాటలే వచ్చాయని టెన్షన్ పడుతూ మెసేజ్ పెట్టావు. పిలిస్తే తిరిగి చూస్తున్నాడని, కావాల్సింది వేలు పెట్టి చూపిస్తున్నాడని, ‘చెప్పులు తే’ అంటే తెస్తున్నాడని కూడా నువ్వే రాశావు. అవి మంచి గుర్తులే. అంగన్‌వాడీలో ఇన్నేళ్లు పిల్లల మధ్య గడిపినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఫ్లాష్‌కార్డులు కొనకు. ఆఫీసు నుంచి వచ్చి క్లాసు పెట్టే ఓపిక నీకెక్కడిది? రోజూ ఎలాగూ చేయించే స్నానం చాలు.

వరస మాత్రం మార్చకు. చొక్కా, నూనె, నీళ్లు, సబ్బు, తువ్వాలు. ఒక్కో పనికి రోజూ అదే చిన్న మాట: ‘చొక్కా విప్పుదాం’, ‘చెయ్యి ఇవ్వు’, ‘తల తుడుచుకుందాం’. తర్వాత ఏం వస్తుందో ముందే తెలిస్తే వాడికి మాట పట్టుకోవడం తేలిక. కొన్నాళ్లయ్యాక మగ్గు ఎత్తి ‘ఇప్పుడు...’ అని ఆగిపో. వాడి మొహం చూస్తూ మనసులో పది లెక్కపెట్టు. మన ఇళ్లలో జరగనిది ఇదే. పిల్లాడు నోరు తెరిచేలోపు అమ్మో, ఆయమ్మో జవాబు చెప్పేస్తారు. వాడు మగ్గు వైపు చూసినా, ‘ఊ’ అన్నా అదీ జవాబే, వెంటనే పోసెయ్. ‘నీళ్లు అంటేనే పోస్తా’ అని ఏడిపించకు. ‘నీయు’ అంటే దిద్దకు. ‘ఆ, నీళ్లు, వేడి నీళ్లు’ అని ఇంకో మాట కలిపి నువ్వను, అంతే.

‘ఇదేంటి, అదేంటి’ అని పరీక్షలు పెట్టకు. ఎర్ర మగ్గా, నీలం మగ్గా అని అడుగు. అన్నం దగ్గర పప్పా, పెరుగా.

ఆయమ్మ హిందీలో మాట్లాడుతుందని భయం వద్దు, రెండు భాషలు విన్నంత మాత్రాన మాటలు ఆలస్యం కావు. ఫోన్ మాత్రం వద్దు. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ వద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా చెబుతోంది. నాతో వీడియో కాల్ వేరే సంగతి, అది మానకు! ఫోన్ చూసి ‘యాపిల్’ అనడం కంటే దాహమేసి ‘నీళ్లు’ అని అడగడం పెద్ద విషయం.

రెండేళ్లు నిండేసరికి ‘అమ్మా దా’ లాగా రెండు మాటలు కలపకపోతే పిల్లల డాక్టరుకు చూపించి చెవి పరీక్ష చేయించు. వచ్చిన మాటలు పోతే మాత్రం అప్పటిదాకా ఆగకు. ‘మగపిల్లలు లేటుగా మాట్లాడతారులే’ అనేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల మాట విని ఊరుకోకు. చాలా ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ అని, పిల్లల ఎదుగుదలలో ఆలస్యాన్ని ముందే గుర్తించి సాయం చేసే కేంద్రాలుంటాయి, అక్కడ చూపించడం ఉచితమే.

మీ పెద్దమ్మ