ఫైర్‌మన్ ట్రైనింగ్‌కి ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి? దెబ్బలు తగలకుండా ఏం చేయాలి?

అడిగిన ప్రశ్న: "అన్నా, ఫైర్‌మన్‌గా సెలెక్ట్ అయ్యాను. కొన్ని నెలల్లో ట్రైనింగ్ మొదలవుతుంది. రోజూ జిమ్‌కి వెళ్తున్నా, పొద్దున రోడ్డు మీద రన్నింగ్ చేస్తున్నా. ఈమధ్య మోకాలి కింద ముందు ఎముక దగ్గర నొప్పి వస్తోంది. ట్రైనింగ్‌లో, తర్వాత సర్వీసులో దెబ్బలు తగలకుండా ఎలాంటి ఎక్సర్‌సైజులు చేయాలి?"

తమ్ముడూ, ముందుగా కంగ్రాట్స్. నేను ఉత్తర తెలంగాణలో లీడింగ్ ఫైర్‌మన్‌గా చేస్తున్నా. స్టేషన్‌కి కొత్తగా వచ్చే కుర్రాళ్లకి డ్రిల్ చేయించే పని చాలాకాలంగా నా మీదే ఉంది. అందుకని ఇది కొంచెం పొడుగ్గానే రాస్తున్నా.

కాలి నొప్పి సంగతి ముందు చూద్దాం. తెలంగాణ 2022 రిక్రూట్‌మెంట్ నోటిఫికేషన్‌లో 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలని పెట్టారు కదా, దానికోసం తారురోడ్డు మీద నెలల తరబడి పరిగెత్తిన పిల్లలు చాలామంది ఇదే నొప్పితో వస్తారు. బొటనవేలితో ఎముక లోపలి అంచు వెంట పైనుంచి కిందికి నొక్కుకుంటూ రా. జానెడు పొడవునా సలుపుతుంటే షిన్ స్ప్లింట్స్, అంటే ఎక్కువ పరుగు వల్ల ఆ ఎముక అంచు వెంట వచ్చే నొప్పి, అయి ఉంటుంది. రన్నింగ్ తగ్గిస్తే తగ్గుతుంది. అలా కాకుండా రూపాయి బిళ్లంత జాగాలోనే, వేలు పెడితే ఎగిరిపడేంత నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నాక కూడా లాగుతున్నా, ఎముకకి సన్న పగులు ఉండొచ్చు. అప్పుడు ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించాల్సిందే. ఆ పగులు మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందన్నారు కదా అని మర్నాడే గ్రౌండ్‌కి వెళ్లకు. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తే అలవాటు అసలే వద్దు. ఎండలో ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీల మీద పడతాయి.

నొప్పి ఉన్నన్నాళ్లు సైకిల్ తొక్కు, ఈత వస్తే ఈదు. ఊపిరి తగ్గకుండా ఉంటుంది. మెట్టు అంచు మీద ముందరి పాదాలు పెట్టి మడమలు మెల్లగా పైకి, ఇంకా మెల్లగా కిందికి, అది నొప్పి పుట్టనంతవరకు రోజూ చెయ్యి. మళ్లీ పరుగు మొదలుపెట్టేటప్పుడు కాలేజీ గ్రౌండ్‌లో మట్టి మీద మొదలుపెట్టు. దూరం, వేగం రెండూ ఒకే వారంలో పెంచకు.

ఇక అసలు మాట. బయటివాళ్లు మనకి దెబ్బలు మంటల్లోనే తగులుతాయనుకుంటారు. నేను చూసినంతలో బండి దిగేటప్పుడు, పైపు లాగేటప్పుడు, అంతా అయిపోయాక సామాను సర్దేటప్పుడు తగిలేవే ఎక్కువ. నడుం పట్టేయడం, చీలమండ బెణకడం, మోకాలు తిరగడం, భుజం లాగేయడం, మా వాళ్లు మెడికల్ లీవ్ పెట్టేది ఎక్కువగా వీటికే. కాబట్టి ఎక్సర్‌సైజ్ కూడా వీటిని చూసుకునే చెయ్యాలి. జిమ్‌లో అద్దం ముందు బెంచ్ ప్రెస్ కొట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు గానీ, బైసెప్స్ చూసి మంట భయపడదు.

పైపు సంగతే తీసుకో. మనం వాడే 63 మిల్లీమీటర్ల డెలివరీ హోస్ 15 మీటర్ల లెంగ్త్‌లో నీళ్లు నిండితే, ఆ నీళ్లే దాదాపు 47 లీటర్లు. రెండు లెంగ్త్‌లు కలిపి లాగుతున్నావంటే నీళ్ల బరువే క్వింటాలుకి దగ్గర. పైగా అది బురదలోనో, మెట్ల మూలమీదో చిక్కుకుని ఉంటుంది. కొత్తవాళ్లు వెనక్కి నడుస్తూ చేతులతో గుంజుతారు. అది నడుంకీ భుజాలకీ చేటు. పైపుని భుజం మీదుగా వేసుకుని, పోవాల్సిన వైపే ముఖం పెట్టి, ఒంటిని ముందుకి వాల్చి, చిన్న చిన్న అడుగులు వెయ్యి. బలమంతా తొడల్లోంచి రావాలి. బ్రాంచ్, అంటే పైపు చివర నీళ్లు చిమ్మే గొట్టం, పట్టుకున్నప్పుడూ అంతే. 20 మిల్లీమీటర్ల నాజిల్‌లో 7 బార్ల ప్రెషర్ ఉంటే అది వెనక్కి తోసే బలం లెక్క ప్రకారం 45 కిలోలు వస్తుంది. చేతులు చాచి పట్టుకుంటే పది నిమిషాలు కూడా నిలవలేవు. తుంటికి ఆనించుకుని, ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి నిలబడాలి. వెనకవాడు నీ వీపుకి దగ్గరగా ఉండాలి. పంపు దగ్గరున్నవాడు చెప్పకుండా ప్రెషర్ పెంచితే భుజం జారిన సందర్భాలున్నాయి. అందుకే పంపు దగ్గరవాడికి చేసే సైగలు డ్రిల్‌లోనే బాగా అలవాటైపోవాలి.

బండి దిగడం చిన్న విషయంలా కనిపిస్తుంది. కాల్ రాగానే టెన్షన్‌లో, బండి ఆగీ ఆగకముందే ముందుకి తిరిగి దూకేస్తారు. రాత్రిపూట కింద ఏముందో తెలీదు. రాయి ఉంటుంది, మూత లేని డ్రైనేజీ ఉంటుంది, లేదా మన బండి నుంచే కారిన నీళ్లుంటాయి. ముఖం క్యాబిన్ వైపు పెట్టి, హ్యాండిల్ పట్టుకుని, మెట్టు మీద కాలు ఆనించి దిగు. రెండు సెకన్లు ఆలస్యమైనా నష్టం లేదు. చీలమండ బెణికినవాడు ఆ కాల్‌లో ఇంకెవరికీ పనికిరాడు, పైగా వాణ్ణి చూసుకోవడానికి ఇంకో మనిషి కావాలి.

మా వైపు ఒళ్లు హూనం చేసేది పత్తి. సీజన్‌లో జిన్నింగ్ మిల్లులో అంటుకుంటే పైమంట గంటలో ఆరిపోతుంది. నిప్పు మాత్రం బేళ్ల లోపల, అంటే నొక్కి కట్టిన పత్తి మూటల లోపల, రాజుకుంటూనే ఉంటుంది. ఒక్కో బేలు 170 కిలోలు, తడిస్తే ఇంకా బరువు. దాన్ని పక్కకి లాగాలి, విప్పాలి, తడపాలి, మళ్లీ ఇంకోటి. రాత్రి మొదలైన పని మర్నాడు సాయంత్రం దాకా సాగుతుంది. ఈ పనిలో 1600 మీటర్లు ఎంతలో కొట్టావన్నది ఎవడూ అడగడు. గంటల తరబడి వంగి లేస్తున్నా నడుం నిటారుగా ఉంచుకోగలవా అన్నదే ముఖ్యం. బేలుని ఒక్కడే కదపబోకు. కొక్కేలు వేసి ఇద్దరు ముగ్గురు కలిసి దొర్లించాలి, జేసీబీ దొరికితే అది వచ్చేదాకా ఆగాలి. ఇక్కడ హీరోయిజం చూపించినవాడు మర్నాడు మంచం మీద ఉంటాడు. నేను డ్యూటీ ఇన్‌ఛార్జ్‌గా ఉంటే మనుషుల్ని తొందర తొందరగా మారుస్తా. అలసిపోయినవాడి ఒడుపు ముందు పోతుంది, ఆ సంగతి వాడికి తెలిసేసరికి నడుం పట్టేసి ఉంటుంది.

అందరూ నిర్లక్ష్యం చేసేది చివరి అరగంటని. మంట ఆరింది, టీ వచ్చింది, పోదాం పోదాం అంటుంటారు. అప్పుడు తడి పైపులు చుట్టాలి. ఒళ్లు చల్లబడి బిగుసుకుపోయి ఉంటుంది. నడుం వంచి పైపు చుట్టి, అదే వంపులో పక్కకి తిరిగి బండిలోకి విసురుతారు. డిస్క్ దెబ్బతినడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. ముందు పైపుని భుజం ఎత్తులో పట్టుకుని చివరిదాకా నడుస్తూ నీళ్లు కార్చెయ్. చుట్టేటప్పుడు ఒక మోకాలు నేలకి ఆనించు. చుట్టని ఛాతీకి దగ్గరగా పట్టుకుని లే. తిరగాలంటే నడుం కాదు, పాదాలు తిప్పు.

దీనికి జిమ్ ఫీజు కూడా అవసరం లేదు. మినరల్ వాటర్ 20 లీటర్ల క్యాన్‌లు రెండు నింపి చెరో చేత్తో పట్టుకుని నడువు, ఆ తర్వాత ఒకటే క్యాన్ ఒక చేత్తో పట్టుకుని పక్కకి ఒరగకుండా నడువు. రెండోది చూడ్డానికి తేలిక, నడుం పక్క కండరాలకి మాత్రం అదే అసలు పని. ఇసుక మూటని నేల మీంచి తుంటి దగ్గర వంగి ఎత్తడం నేర్చుకో, వీపు గుండ్రంగా వంగితే బరువు తగ్గించు. పాత టైరుకి తాడు కట్టి భుజం మీద వేసుకుని లాగు. బ్యాగులో 5 కిలోలతో మొదలుపెట్టి మెట్లెక్కు, వారాల మీద 15 కిలోల దాకా తీసుకెళ్లు. మెట్లు దిగేటప్పుడు నెమ్మదిగా దిగు, మోకాలికి బలం వచ్చేది అక్కడే. పుల్‌అప్స్, ప్లాంక్, సైడ్ ప్లాంక్ ఎలాగూ చేస్తావు. బరువు పని వారానికి మూడు రోజులు, పరుగో సైకిలో రెండు రోజులు, ఒకరోజు అన్నీ కలిపి, ఒకరోజు పూర్తిగా రెస్ట్. రెస్ట్ ఎగ్గొట్టి ఇంకా ఎక్కువ చేద్దామనే ఆరాటం ఈ వయసులో ఉంటుంది. ఎముకకి సన్న పగుళ్లు వచ్చేది ఎక్కువగా దానివల్లే.

నడుం, పొట్ట కండరాల మీద పెట్టిన శ్రమ వృథా పోదనడానికి లెక్క కూడా ఉంది. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగరంలో 433 మంది ఫైర్‌మెన్‌కి ఇలాంటి ఎక్సర్‌సైజులు, ఒంటిని ఎలా కదిలించాలో నేర్పి ఏడాది పాటు చూశారు. అంతకుముందుతో పోలిస్తే గాయాలు 42 శాతం తగ్గాయి, గాయాల వల్ల పోయిన పనిరోజులు 62 శాతం తగ్గాయి. ఇది 2007లో అచ్చయింది.

బీఏ సెట్ గురించి ఒకమాట, అంటే పొగలోకి వెళ్లేటప్పుడు వీపున వేసుకునే గాలి సిలిండరు, మాస్క్. 6.8 లీటర్ల సిలిండర్‌ని 300 బార్లకి నింపితే సుమారు 2000 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్లు పీల్చేవాడికి 50 నిమిషాల లెక్క. ఆయాసపడుతూ 80 పీల్చేవాడికి 25 నిమిషాలే. గాలి అయిపోవస్తోందని విజిల్ మోగాక బయటికి రావడానికి మిగిలేది అందులో చిన్న భాగం. ఊపిరి బాగుంటే లోపల నీకు టైమ్ ఎక్కువ దొరుకుతుంది, రన్నింగ్ మానొద్దనేది ఇందుకే. గడ్డం పెంచే సరదా ఉంటే ట్రైనింగ్‌కి ముందే తీర్చుకో. మాస్క్ అంచు కింద వెంట్రుకలుంటే గాలి లీకవుతుంది, పొగ లోపలికొస్తుంది.

ఎండ సంగతి మనవాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, ఫైర్ సూట్‌లో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఏప్రిల్, మే నెలల్లో గడ్డివాములు, డంపింగ్ యార్డుల కాల్స్ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. దాహం వేసినప్పుడే తాగుదామంటే కుదరదు, కాల్ లేనప్పుడే తాగుతూ ఉండాలి. చెమట ఎక్కువ పోతే ఉప్పేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో తాగు. ఎండకి అలవాటు పడటానికి ఒంటికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. వేసవిలో లీవు నుంచి వచ్చినవాణ్ణి మొదటి రోజే ముందు పెట్టకూడదు. తోటివాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బే అనుకో. వెంటనే సూట్ విప్పి నీడలో పడుకోబెట్టి నీళ్లు పోస్తూ ఉండు, 108కి ఫోన్ చేయించు. వేల లీటర్ల నీళ్లున్న బండి పక్కనే పెట్టుకుని, అంబులెన్స్ వచ్చేదాకా చూస్తూ కూర్చోవడం నేను కళ్లారా చూశా.

నీ వయసుకి ఇది దూరపు విషయంలా ఉంటుంది గానీ గుండె గురించి కూడా చెప్పాలి. అమెరికాలో 1994 నుంచి 2004 వరకు డ్యూటీలో చనిపోయిన ఫైర్‌మెన్ రికార్డులు హార్వర్డ్ పరిశోధకులు పరిశీలించారు. మంటలార్పడం వాళ్ల డ్యూటీ టైమ్‌లో 1 నుంచి 5 శాతమే. గుండెజబ్బుతో పోయినవాళ్లలో మాత్రం 32 శాతం మంది ఆ కాస్త సమయంలోనే పోయారు. అర్ధరాత్రి గాఢనిద్రలో ఉండగా బెల్ మోగుతుంది, నిమిషంలో బరువులేసుకుని పరిగెత్తాలి. లోపల బీపీ, షుగర్ ఉంటే గుండె దానికి ఎలా తట్టుకుంటుంది? మాతో పనిచేసిన ఒకాయన ఛాతీ బరువుగా ఉందంటే గ్యాస్ అని సోడా తాగించారు. తెల్లారాక ఈసీజీ తీస్తే హార్ట్ ఎటాక్. అదృష్టం బాగుండి బతికాడు, ఇప్పుడు వాచ్‌రూమ్‌లో కూర్చుని కాల్స్ తీసుకునే డ్యూటీ చేస్తున్నాడు. స్టేషన్‌లో కాల్ లేని గంటలు బోలెడు ఉంటాయి. వాటిని మిర్చి బజ్జీలతో, సిగరెట్లతో నింపేసే సీనియర్లు నీకు కచ్చితంగా తగులుతారు. వాళ్లతో స్నేహం చెయ్యి, బజ్జీలు మాత్రం వాళ్లకే వదిలెయ్.

ఇంకో రెండు చిన్న విషయాలు. పొగలో స్పృహ తప్పినవాణ్ణి సినిమాలో లాగా భుజాన వేసుకుని నిలబడి నడవకు. కింద గాలి కాస్త మెరుగ్గా ఉంటుంది, నీ నడుమూ మిగులుతుంది, చంకల కింద పట్టుకుని వంగి ఈడ్చుకురా. రెండోది, ట్రైనింగ్‌లో గానీ స్టేషన్‌లో గానీ ఏ చిన్న దెబ్బ తగిలినా ఆరోజే ఇన్‌స్ట్రక్టర్‌కో ఆఫీసర్‌కో చెప్పి రికార్డులో రాయించు, డాక్టర్ చీటీ ఫోటో తీసి దాచుకో. నాలుగేళ్ల తర్వాత అదే మోకాలికి ఆపరేషన్ కావాల్సొస్తే, అది డ్యూటీలో తగిలిన దెబ్బేనని చూపించడానికి ఆ కాగితమే కావాలి.