సపోర్ట్ పక్కన ‘టు’ వద్దమ్మా

అమ్మడూ,

నువ్వు పంపిన ఉద్యోగ దరఖాస్తు రెండుసార్లు చదివాను. చక్కగా రాశావు. ఒక్కచోట మాత్రం నా ఎర్రపెన్ను ఆగింది. ‘మై బ్రదర్ సపోర్టెడ్ టు మీ’ అన్నావు.

ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. ఈ ‘టు’ని ఎన్ని నోటుపుస్తకాల్లో కొట్టేశానో లెక్కలేదు. తప్పు నీ ఒక్కదానిదే కాదు, మన ‘కు’ చేసే పని అది. ‘నాకు సపోర్ట్ చేశాడు’ అంటాం కదా, ఆ ‘నాకు’ వెళ్లి ఇంగ్లీషులో ‘టు మీ’ అయి కూర్చుంటుంది.

మాట పుట్టుక తెలిస్తే ఇక మర్చిపోవు. లాటిన్‌లో ‘సబ్’ అంటే కింద, ‘పోర్టారే’ అంటే మోయడం. రైల్వేస్టేషన్లో పోర్టర్ అనే మాటా ఆ మోతలోంచి వచ్చిందే. తాతయ్య పూరింటి నడిమధ్య నిట్రాట గుర్తుందా? సంక్రాంతికి వెళ్తే దాన్ని పట్టుకుని గిరగిరా తిరిగేదానివి. అది కప్పును మోస్తుంది. ‘కప్పుకు మోస్తుంది’ అనం కదా! అలాగే ‘సపోర్టెడ్ మీ’. హెల్ప్‌దీ ఇదే దారి. ‘గేవ్ సపోర్ట్ టు మీ’ అన్నప్పుడు మాత్రం సపోర్ట్ నామవాచకం కాబట్టి అక్కడ ‘టు’ ఉండొచ్చు.

ఇంకో సంగతి. ‘ఎప్పుడూ వాడికే సపోర్ట్ చేస్తావేంటి’ అని మీ అమ్మతో పోట్లాడతావు చూడు, ఇంట్లో అలాంటి వెనకేసుకు రావడాన్ని ఇంగ్లీషులో ‘టేక్ హిజ్ సైడ్’ అంటారు. ‘ఐ సపోర్ట్ మై పేరెంట్స్’ అంటే మాత్రం నా సంపాదనతో వాళ్లని పోషిస్తున్నాననే ఎక్కువగా అర్థం చేసుకుంటారు. నువ్వు ట్యూషన్లు చెప్పి ఇంటద్దెలో సగం కడుతున్నావు కదా, ‘ఐ హెల్ప్ సపోర్ట్ మై ఫ్యామిలీ’ అని ధైర్యంగా రాయి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, తల్లీ.

ఇంటర్వ్యూలో పలికేటప్పుడు ‘స’ను తేలిగ్గా వదిలి ‘పోర్ట్’ను నొక్కి పలుకు. స్పెల్లింగులో రెండు ‘పి’లు ఉన్నా పలికేది ఒక్కటే, ‘సప్పోర్ట్’ అనకు.

చివరిగా, అన్నయ్య గురించి రాసిన ఆ వాక్యం. ధైర్యం చెప్పినవాళ్లూ, డబ్బిచ్చినవాళ్లూ, అందరూ ‘సపోర్టెడ్’ కిందికే వస్తారు. చదివేవాళ్లకి వాడు చేసింది కనపడదు. బండి అమ్మి నీ ఆఖరి ఏడాది ఫీజు కట్టాడు కదా, అదే రాయి. దిద్ది ఆదివారంలోగా పంపు, ఇంకోసారి చూస్తాను.

మీ పెద్దమ్మ