మొదటి వేటకు ఎల్క్ వద్దు, అల్లుడూ

ప్రియమైన అల్లుడికి,

గైడు లేకుండా, తక్కువ ఖర్చులో, నీ అంతట నువ్వే ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు వెళ్ళాలని ఉందని రాశావు. గైడు లేకుండా వెళ్ళడం మంచి ఆలోచనే. ఎల్క్ మాత్రం ఇప్పుడే వద్దు. లైసెన్సుకే ఏడెనిమిది వందల డాలర్లవుతుంది. పైగా అది కొండల మీద పడితే నూటయాభై పౌన్ల పైచిలుకు మాంసాన్ని వీపు మీద మోసుకుంటూ కారు దాకా నాలుగైదు సార్లు తిరగాలి. డాలస్‌లో కుర్చీకి అలవాటైన ఒంటితో, ఒక్కడివే అంత పని పెట్టుకోకు.

వ్యోమింగ్ రాష్ట్రంలో జింకలాంటి ప్రాంగ్‌హార్న్‌తో, అదీ ఆడదానితో, మొదలుపెట్టు. వేరే రాష్ట్రంవాళ్ళకు మగదాని లైసెన్సు మూడు వందల డాలర్లు దాటితే, ఆడదానికి ముప్ఫై నాలుగు డాలర్ల దగ్గర ఉంటుంది. దరఖాస్తు ఫీజు, వన్యప్రాణుల సంరక్షణకని కొనాల్సిన కన్సర్వేషన్ స్టాంపు కలిపినా వంద దాటదు. బయలు నేలలో ఉంటుంది కాబట్టి రోజంతా కళ్ళకు కనబడుతూనే ఉంటుంది. మాంసం నలభై పౌన్ల లోపే, ఒకడు మోయగలిగినంత.

అన్నిటికంటే ముందు నీ వీసా సంగతి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు తీరితే మినహాయింపూ పోతుంది. స్నేహితుడి తుపాకి పట్టుకున్నా ఇదే రూలు. ఇమిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడాకే ముందుకు వెళ్ళు. దీనికయ్యే ఫీజు దగ్గర పొదుపు చూడకు. ఈలోగా టెక్సాస్‌లోనే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచెయ్యి. 1966 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు వ్యోమింగ్‌లో అది తప్పనిసరి, టెక్సాస్ సర్టిఫికెట్ అక్కడా చెల్లుతుంది.

ఇక అసలు పని యూనిట్, అంటే వేటాడే ప్రాంతం, ఎంచుకోవడం. ప్రాంగ్‌హార్న్ లైసెన్సులు లాటరీలా డ్రా తీసి ఇస్తారు. ఆ దరఖాస్తులకు గడువు జూన్ మొదట్లో ముగుస్తుంది, మిగిలిన లైసెన్సులు జూలైలో అమ్ముతారు. మిగిలినవి చూసి ఆశపడి వెంటనే కొనేయకు. ఎక్కడైనా లైసెన్సులు కుప్పలుగా మిగిలాయంటే, సాధారణంగా అక్కడి నేలంతా పశువుల్ని పెంచే రాంచర్లదే. పబ్లిక్ నేలకు దారి కష్టమైన యూనిట్లకు నిబంధనల పుస్తకంలోనే గుర్తు పెడతారు, అది చూడు. 2022-23 చలికాలంలో పడమటి వ్యోమింగ్‌లో ప్రాంగ్‌హార్న్‌లు చాలా చచ్చిపోయాయి, లైసెన్సులూ తగ్గించారు. అందుకని పాత కబుర్లు నమ్మకుండా ఆ ఏటి కోటా చూసుకో. ఆ యూనిట్ చూసే బయాలజిస్టుకు ఫోన్ చేసి మర్యాదగా అడిగితే విసుక్కోకుండా చెబుతారు.

ఆన్‌ఎక్స్ లాంటి మ్యాప్ యాప్ ఫోన్లో ఉండాలి. సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపులు ముందే దించుకో. బీఎల్ఎమ్ అనే ఫెడరల్ శాఖ నేలలో చాలాచోట్ల పద్నాలుగు రోజుల దాకా ఉచితంగా టెంటు వేసుకోవచ్చు. రాష్ట్ర ట్రస్టు నేలలో వేటాడొచ్చు గానీ క్యాంపు వేయకూడదు, రోడ్డు దిగి కారు నడపకూడదు. కొన్నిచోట్ల పబ్లిక్ నేల, ప్రైవేటు నేల చదరంగం గళ్ళలా ఉంటాయి. ప్రైవేటు నేల మీద కాలు పెట్టకుండా మూల నుంచి మూలకు దాటడం తప్పు కాదని 2025లో ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. అయినా మొదటిసారే అలాంటి చోటికి వెళ్ళి టెన్షన్ పడకు. ‘యాక్సెస్ యెస్’ అనే రాష్ట్ర పథకం కింద రాంచర్లు తెరిచిన, నడిచి వెళ్ళి వేటాడే వాక్-ఇన్ ఏరియాలు ఉన్నాయి, వాటికి డబ్బు కట్టక్కర్లేదు.

ప్రైవేటు నేల కావాలంటే వేసవిలోనే రాంచరును అడుగు. సీజన్ మొదలయ్యే రోజు పొద్దున్నే వెళ్ళి తలుపు కొట్టడం పద్ధతి కాదు. పెద్ద కొమ్ముల మగదానికి భారీగా డబ్బు అడిగేవాళ్ళు కూడా ఆడదానికి తక్కువకే, ఒక్కోసారి ఊరికే, ఒప్పుకుంటారు. అనుమతి రాతపూర్వకంగా తీసుకో. గేటు మూసి ఉంటే మళ్ళీ మూసెయ్యి, తెరిచి ఉంటే అలాగే వదిలెయ్యి.

కొత్త బూట్లకు, బట్టలకు డబ్బు తగలేయకు. మంచి బైనాక్యులర్లు, రైఫిలు ఆనించుకునే కర్రలు, పైన తొడుక్కోవడానికి ఒక నారింజ జాకెట్ లేదా టోపీ చాలు. రేంజిలో బల్ల మీద పెట్టి కాల్చడం కాదు, నేల మీద కూర్చుని రెండు వందల గజాలకు ప్రాక్టీసు చెయ్యి. పరిగెత్తేదాన్ని కాల్చకు. గుంపులో ఉంటే వెనక ఇంకోటి లేదని చూసుకో. పక్కకు తిరిగి నిలబడ్డప్పుడు ముందు జబ్బ వెనకాల, ఛాతీ కిందిభాగంలో తగలాలి. అనుమానముంటే కాల్చొద్దు. గాయపడి పారిపోయిన జంతువు బాధకు నువ్వే బాధ్యుడివి.

ప్రాంగ్‌హార్న్ మాంసం బాగుండదని ఎవరైనా అంటే నమ్మకు. చాలామంది దాన్ని ఎండలో ట్రక్కు మీద వేసుకుని తిప్పి పాడుచేస్తారు. పడిన వెంటనే పేగులు తీసి, తోలు ఒలిచి, తొడలు, జబ్బలు, వీపు మాంసం గాలాడే గుడ్డ సంచుల్లో (గేమ్ బ్యాగులు) పెట్టి గంటలోపు ఐసులోకి చేర్చు. ఐసు నీళ్ళలో మాంసం నానకుండా కూలర్ డ్రెయిన్ తెరిచి ఉంచు. డాలస్ దాకా దాదాపు వెయ్యి మైళ్ళు, దారిలో ఐసు మార్చాలి. ఆడదని తెలిసే ఆనవాలు కూడా చట్టం చెప్పినట్టు మాంసంతోపాటే ఉంచు. తినగలిగిన మాంసం వదిలేసి రావడం అక్కడ నేరం, నా దృష్టిలో పాపం కూడా.

మీ అమ్మకు ముందే చెప్పు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం కాబట్టి ఆమె కంగారుపడుతుంది. ఇక్కడ రాష్ట్రమే మందల్ని అంచనా వేసి ఎన్ని తీయాలో నిర్ణయిస్తుందని, తుపాకుల మీద, తూటాల మీద వసూలయ్యే పన్ను 1937 నాటి చట్టం ప్రకారం ముఖ్యంగా వన్యప్రాణుల కోసం ఖర్చవుతుందని నెమ్మదిగా వివరించు.

మే నెలలోపు రెండు మూడు యూనిట్ల నంబర్లు ఎంచి పంపు. ఫోన్లో మ్యాపు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. నా కూలర్లు, కర్రలు ఇక్కడే డెన్వర్‌లో ఉన్నాయి, వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళు. మీ అత్త నిన్ను అడిగానని చెప్పమంది.

ఆశీస్సులతో,
మామయ్య