దూరపువారి కష్టానికి చెయ్యి ఎందుకు వెనకాడుతుంది?

పక్కింటివారి కష్టానికి వెంటనే కరిగే మనసు ఎక్కడో ఉన్నవారి విషయంలో కదలకపోవడం స్వార్థమేనా అని అడిగారు. నేను స్వార్థమని అనుకోను. నాకు రెండుసార్లు ఎదురైన అనుభవం చెబుతాను.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీని ముంచెత్తినప్పుడు, మా ఇల్లు మెరకలో ఉన్నందున మాకు నీళ్ళు రాలేదు. మర్నాడు ఇంట్లోని బియ్యమంతా పులిహోర పొట్లాలకే అయిపోయింది. ఆ నెల ఎలా గడుస్తుందన్న ఆలోచన మా అమ్మకు గానీ నాకు గానీ రాలేదు. బురదలోంచి నడిచి వచ్చినవారిలో ఏళ్ళుగా మా బట్టలు కుట్టిన దర్జీ కుటుంబం కూడా ఉంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసింది. వరద ఎలా ఉంటుందో కళ్ళారా చూసిన నేనే, కార్యాలయంలో చందా జాబితా నా దగ్గరికి వచ్చినప్పుడు "జీతం పడ్డాక చూద్దాం" అన్నాను. పలాస ప్రాంతం నుంచి వచ్చిన సహోద్యోగి ఒకాయన, కూలిన కొబ్బరిచెట్టు మొదట్లో కూర్చున్న తన మేనమామ ఫొటో చూపించి, మళ్ళీ మొక్క పెడితే కాపు చూడడానికి తన మామ ఉంటాడో లేదో అన్నప్పుడు గానీ నా చెయ్యి జేబులోకి పోలేదు.

యాకోవ్ ట్రోప్, నీరా లిబర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల ప్రకారం దూరమంటే మైళ్ళు మాత్రమే కాదు. కాలం, మనవారు పరాయివారు అన్న భావన, జరుగుతుందో లేదో అన్న సందేహం కూడా దూరాలే. దూరమైనది మనసుకు వివరాలు లేని మొత్తంగా తోస్తుంది, దగ్గరిది ముఖంతో, గొంతుతో వస్తుంది. 2007లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, చేతికిచ్చిన 5 డాలర్లలో నుంచి, ఆఫ్రికా కరువు గణాంకాలు మాత్రమే చదివినవారు సగటున 1.14 డాలర్లు ఇవ్వగా, మాలి దేశపు ఏడేళ్ళ రోకియా గురించి చదివినవారు 2.38 డాలర్లు ఇచ్చారు. రోకియా కథకు గణాంకాలు జోడిస్తే అది 1.43కు పడిపోయింది. లెక్కలు జాలిని పెంచకపోగా తగ్గించాయన్నది నన్ను చాలా కలవరపెట్టింది.

అంతకన్నా నన్ను బాధించేది మరొకటి ఉంది. ఆ మేనమామ పక్క తోటవారికి కర్నూలులో ఫొటో చూపించే మేనల్లుడు లేడు. వారి నష్టం తక్కువేమీ కాదు. అందుకే ఇప్పుడు ఎవరి కోసమో తెలియకముందే, జీతం పడిన రోజే కొంత సొమ్ము వేరే ఖాతాలో వేస్తున్నాను. విపత్తు వార్త వచ్చినప్పుడు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న ఉండదు, ఎక్కడికి పంపాలన్నదే మిగులుతుంది.