ఆరేళ్ల పాపతో ప్రజ్ఞాన్ రోవర్: మోటార్లు చివర్న, కాళ్లు ముందు

మీ ప్రశ్న ఇది: పాపకు ఆరేళ్లు, చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ లాంటిది ఇంట్లో చేద్దామంటోంది, ఏ రోబో కిట్ కొనాలి, మోటార్లను ప్రోగ్రాంతో నడిపించే ఆర్డుయినో బోర్డు కావాలా?

కిట్ కొనకండి. బోర్డు ఇప్పుడే వద్దు. మోటార్లు కూడా మొదటి రెండు వారాలు ఇంట్లోకి రానివ్వకండి. ప్రజ్ఞాన్ గొప్పదనం దాని ఆరు చక్రాల కాళ్లలో ఉంది. ఒక చక్రం రాయి ఎక్కితే మిగతా అయిదూ నేలను వదలవు. ఈ పని స్ప్రింగులు లేకుండా, కీళ్లతోనే జరుగుతుంది. దీన్ని రాకర్-బోగీ అంటారు. అట్టతో, ఐస్‌క్రీం పుల్లలతో ఇది నిజంగా పనిచేసేలా చేయొచ్చు. కిట్లలో వచ్చేది మాత్రం చాలావరకు పెట్టెకు నేరుగా బిగించిన నాలుగు చక్రాలు, పైన రోవర్ బొమ్మ అతికించిన మూత. దాన్ని పుస్తకం మీదికి ఎక్కించి చూడండి, ఒక చక్రం గాల్లో తిరుగుతూ ఉంటుంది.

ముందు కొలతలు. అసలు రోవర్ 26 కిలోలు, దాదాపు 90 సెంటీమీటర్ల పొడవు, 75 వెడల్పు. మూడో వంతుకు తగ్గిస్తే 30 × 25. చిన్నపిల్ల రెండు చేతులతో ఎత్తి పట్టుకోడానికి ఇదే సరైన సైజు. ఇంతకన్నా చిన్నదైతే కీళ్లు బిగించడానికి వేళ్లు పట్టవు, పెద్దదైతే అట్ట వంగుతుంది.

చక్రాలు ఆరు, ఒక్కోటి 6 సెంటీమీటర్ల వ్యాసం. 5 మిల్లీమీటర్ల ముడతల అట్టలో 18 బిళ్లలు కోసి, మూడేసి కలిపి ఫెవికాల్‌తో అంటించాలి. అంటించేటప్పుడు మధ్య బిళ్ల గీతలు పై బిళ్ల గీతలకు అడ్డంగా ఉండాలి. మూడింటి గీతలూ ఒకే దిక్కున ఉంటే చక్రం ఆ దిక్కున నొక్కుకుపోయి కోడిగుడ్డులా అవుతుంది. రాత్రంతా బరువు కింద పెట్టి ఆరనివ్వాలి. అంచు గరుకు కాగితంతో రుద్దాలి. రుద్దడం పాప పని, బాగా చేస్తారు ఈ వయసులో. అట్ట కోయడం మాత్రం మీ పని, పిల్లల కత్తెరకు ముడతల అట్ట లొంగదు. మధ్య రంధ్రంలో ఖాళీ బాల్‌పెన్ గొట్టం ముక్క దించితే ఎం3 బోల్టు (3 మిల్లీమీటర్ల మందం) మీద చక్రం హాయిగా తిరుగుతుంది.

ఇక కాళ్లు. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చదవండి. ఒక్కో వైపు మూడు చక్రాలు, పక్కపక్క ఇరుసుల మధ్య 10 సెంటీమీటర్లు. వెనక రెండు చక్రాలూ ఒక చిన్న పట్టీకి ఉంటాయి, అది బోగీ. ఆ పట్టీ సరిగ్గా మధ్యలో, ఇరుసుల గీతకు 2 సెంటీమీటర్లు పైన, ఒక కీలు. ముందు చక్రం, బోగీ కీలు రెంటినీ కలిపే వంకర చెయ్యి రాకర్. ఆ రాకర్ పెట్టెకు, అంటే రోవర్ ఒంటికి, తగులుకునే కీలు ఎక్కడుండాలి? చూసిన వీడియోలన్నిటిలో కంటికి బాగున్న చోట పెట్టేస్తున్నారు. అలా కాదు. ఆరు చక్రాల మీదా బరువు సమానంగా పడాలంటే, బోగీ వైపు రెండు చక్రాలు కాబట్టి అటు రెండింతల బరువు వెళ్లాలి. అంటే పెట్టె కీలు ముందు ఇరుసుకు ఎంత దూరంలో ఉంటే, బోగీ కీలుకు అందులో సగం దూరంలో ఉండాలి. మన కొలతల్లో ముందు ఇరుసుకు అడ్డంగా 10, బోగీ కీలుకు 5. లెక్క వేస్తే పెట్టె కీలు సరిగ్గా మధ్య చక్రం నెత్తి మీదికి వస్తుంది. ఎత్తు నేల నుంచి 11 సెంటీమీటర్లు. పాపకు చెప్పాలంటే తక్కెడ చాలు: స్కేలు ఒక చివర ఒక రూపాయి బిళ్ల, ఇంకో చివర రెండు బిళ్లలు పెట్టి, ఎక్కడ వేలు పెడితే నిలుస్తుందో తననే వెతకనివ్వండి.

ఈ లెక్కన రాకర్ ముందు చేతిలో రంధ్రం నుంచి రంధ్రానికి 12.8 సెంటీమీటర్లు, వెనక చేతిలో 7.8. వెడల్పాటి 15 సెంటీమీటర్ల ఐస్‌క్రీం పుల్లలు మూడేసి అంటిస్తే సరిపోయే బలం వస్తుంది. రెండు చేతులూ కలిసే మూలను ఒక్క బోల్టు మీద వదిలేయొద్దు, అది కత్తెరలా తెరుచుకుంటుంది. రెండు చేతులకూ అడ్డంగా మూడో పుల్ల అంటిస్తే త్రికోణం అయి బిగుసుకుంటుంది. రంధ్రం పుల్ల చివర నుంచి కనీసం ఒక సెంటీమీటరు లోపల ఉండాలి. వేసే ముందు ఆ చోట టేపు చుట్టండి, లేకపోతే పుల్ల నిలువునా చీలుతుంది. కీలు బోల్టుకు రెండు వైపులా వాషర్లు, చివర్న రెండు నట్లు. మొదటి నట్టు బిగించి అర చుట్టు వదలాలి, రెండోది దాని మీద గట్టిగా బిగించాలి. ఒక్క నట్టే పెడితే పది నిమిషాల ఆటలో ఊడిపోతుంది.

బోగీ కీలును ఇంకా పైకి పెడితే అందంగా ఉంటుందని అనిపిస్తుంది. పెట్టకండి. కీలు ఎత్తు పెరిగే కొద్దీ ఏ చక్రమైనా అడ్డు తగిలినప్పుడు పట్టీ మొత్తం తలకిందులవడానికి చూస్తుంది.

పెట్టె 24 × 16 × 9 సెంటీమీటర్లు, తేలిక అట్టది. అడుగు నుంచి 3 సెంటీమీటర్ల ఎత్తులో, పొడవుకు సరిగ్గా మధ్యన, 6 మిల్లీమీటర్ల మరచుట్ల ఇనుప కడ్డీ అడ్డంగా దూర్చి, రెండు చివర్లా రాకర్లు వదులుగా తగిలించాలి. కడ్డీ దూరే చోట లోపలా బయటా రెండు పొరల అట్ట బిళ్లలు అంటించకపోతే వారంలో రంధ్రం సాగిపోతుంది.

ఇప్పుడు ఆరు చక్రాల మీదా నిలబెట్టి చెయ్యి తీయండి. పెట్టె ముక్కు దబ్బున నేలకు కొడుతుంది. వెనక్కి నెడితే తోక నేలకు కొడుతుంది. పాప మొహం చిన్నబోతుంది, మీకు కూడా ఎక్కడో కొలత తప్పిందనిపిస్తుంది. తప్పలేదు. రెండు కాళ్లూ కడ్డీ మీద వదులుగా తిరుగుతుంటే పెట్టెను పట్టుకునేది ఏమీ లేదు, పైగా దాని బరువంతా కడ్డీకి పైనుంది. ఇక్కడ చాలామంది విసుగెత్తి రాకర్లను పెట్టెకు జిగురుతో అంటించేస్తారు. పెట్టె నిలబడుతుంది, కానీ చేసిందంతా పోతుంది, అది ఇక మామూలు బండి. దయచేసి ఆ పని చేయకండి. కాసేపు ఆ పడిపోవడంతోనే ఆడుకోనివ్వండి. ఎందుకు పడుతోంది, దేన్ని పట్టుకుంటే ఆగుతుంది అని తననే అడగండి. వేలితో పెట్టెను పట్టుకుని ఒక కాలు ఎత్తి చూస్తే, ఒక కాలు పైకి వెళ్లినప్పుడు రెండో కాలు కిందికి వెళ్లాలన్న సంగతి తనకే దొరకొచ్చు.

మందు ఒక చెక్క స్కేలు. పెట్టె మూత మీద, కడ్డీకి సరిగ్గా పైన, స్కేలును అడ్డంగా పెట్టి నడిమధ్య ఒక్క బోల్టుతో బిగించాలి, గాలిమర రెక్కలా తిరగాలి. ఆ బోల్టు నుంచి రెండు వైపులా 9.5 సెంటీమీటర్ల దూరాన 8 మిల్లీమీటర్ల వెడల్పు, స్కేలు పొడవునా 2 సెంటీమీటర్ల పొడవు ఉన్న గాట్లు కోయాలి. ఒక్కో రాకర్‌కు కీలు దగ్గర నిటారుగా 8 సెంటీమీటర్ల పెన్సిల్ ముక్క అంటించి, దాని కొనను ఆ గాటులోకి పంపాలి. ఎడమ పెన్సిల్ ముందుకు పోతే స్కేలు తిరిగి కుడి పెన్సిల్‌ను వెనక్కి నెడుతుంది. రెండూ కలిసి ఒకే వైపు పోలేవు, కాబట్టి పెట్టె బోర్లా పడదు. పెద్ద రోవర్లలో కూడా ఇదే పనికి ఇలాంటి అడ్డబద్దో, గేర్లో ఉంటాయి.

ఎడమ ముందు చక్రం కింద 4 సెంటీమీటర్ల మందం పుస్తకం పెట్టండి. ఎడమ రాకర్ దాదాపు 15 డిగ్రీలు లేస్తుంది, పెట్టె మాత్రం దాదాపు అందులో సగమే వాలుతుంది. సగం నీళ్లున్న చిన్న సీసా పెట్టె మీద పడుకోబెడితే నీటి గీత చూస్తూ ఈ తేడా పాపే చెబుతుంది. స్కేలు తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి చూడమనండి. నాకు ఈ మొత్తం పనిలో ఇంతకన్నా విలువైన అయిదు నిమిషాలు లేవు. ఒక వారం పాటు చేత్తో నెట్టుకుంటూ చెప్పులు, దిండ్లు, పుస్తకాలు ఎక్కించనివ్వండి.

ఆ తర్వాతే మోటార్లు. ఎన్20 అనే చిన్న గేరు మోటార్లు ఆరు, 6 వోల్టుల దగ్గర 15 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 15 చుట్లు, తిరిగేవి. వేగంగా తిరిగేవి తీసుకోకండి. ప్రజ్ఞాన్ వేగం సెకనుకు ఒక సెంటీమీటరు. మన 6 సెంటీమీటర్ల చక్రం చుట్టు దాదాపు 19 సెంటీమీటర్లు, 15 ఆర్‌పీఎంలో సెకనుకు 4.7 సెంటీమీటర్లు వెళ్తుంది. మామూలుగా దొరికే పసుపు పచ్చ గేరు మోటార్లతో ఇంతకు ఎన్నో రెట్లు పరుగెత్తి, పుస్తకం తగలగానే ఎగిరి పడుతుంది. నెమ్మదిగా వెళ్తేనే కాళ్లు ఎలా మడుస్తోందో కంటికి కనిపిస్తుంది. చక్రాన్ని మోటారు ఇరుసుకు గ్లూ గన్‌తో అంటించొద్దు, నున్నటి ఇనుము మీద ఆ జిగురు పట్టదు, ఊడుతుంది. 3 మిల్లీమీటర్ల ఇత్తడి కప్లింగ్ (ఇరుసును చక్రానికి కలిపే ముక్క) చక్రానికి మరలతో బిగించి, దాని పక్క మరను ఇరుసు చదును వైపు బిగించాలి.

కరెంటుకు ఏఏ పెన్సిల్ సెల్లు నాలుగు. దీర్ఘచతురస్రపు 9 వోల్టుల బ్యాటరీ వద్దు, ఆరు మోటార్లకు కావలసిన కరెంటు అది ఇవ్వలేదు, కాస్త మూలిగి ఆగిపోతుంది. విడి లిథియం సెల్లు, బటన్ సెల్లు ఈ వయసు పిల్లల పనిలోకి అసలు రాకూడదు. బటన్ సెల్ మింగితే లోపల కాలుస్తుంది, ప్రాణాపాయం. సెల్లు రోవర్‌లో కాకుండా చేత్తో పట్టుకునే వేరే పెట్టెలో ఉంచి, అక్కడి నుంచి 2 మీటర్ల నాలుగు పోగుల మెత్తటి వైరు లాగండి. రోవర్ పెట్టె తేలిగ్గా ఉంటుంది.

చేతి పెట్టెలో రెండు డీపీడీటీ స్విచ్చులు (కరెంటు దిక్కు మార్చడానికి పనికొచ్చే ఆరు కాళ్ల స్విచ్చులు), వదిలితే మధ్యకొచ్చి ఆగేవి. ఎడమ మూడు మోటార్లు ఒకదానికి, కుడి మూడు ఇంకోదానికి. ఒక్కో స్విచ్చు ఆరు కాళ్లలో మధ్య రెంటికీ మోటారు వైర్లు, ఒక చివరి జతకు బ్యాటరీ, ఆ జత నుంచి అవతలి చివరి జతకు అడ్డదిడ్డంగా, అంటే ఎడమది కుడికి, కుడిది ఎడమకు. ముందుకు నొక్కితే ముందుకు, వెనక్కి నొక్కితే వెనక్కి. కుడి మోటార్లు అద్దంలో బొమ్మలా తిరగేసి ఉంటాయి కాబట్టి వాటి వైర్లు తారుమారు చేయాలి. ఇది మర్చిపోతే రోవర్ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. కీళ్ల దగ్గర వైరు కాస్త వదులుగా వంపు వదలండి, బిగుతుగా ఉంటే అదే కాలును పట్టేస్తుంది.

తిప్పడానికి వేరే మోటారు అక్కర్లేదు. ప్రజ్ఞాన్ కూడా రెండు వైపుల చక్రాల వేగంలో తేడాతోనే తిరిగింది. కానీ అలా తిరిగేటప్పుడు ముందు, వెనక చక్రాలు పక్కకు ఈడ్చుకుపోతాయి. చక్రాలన్నిటికీ రబ్బరు చుట్టారా, కాళ్లు మెలిపడి పుల్లలు విరుగుతాయి. ఎడమ కుడి చక్రాల మధ్య దూరం ముందు వెనక చక్రాల మధ్య దూరం కన్నా ఎక్కువ ఉంచండి. మనది 24, 20.

పైన నిలబెట్టే సోలార్ పలక నీలం కాగితం అంటించిన అట్ట చాలు. అది ఎందుకు నిలబడి ఉంటుందో మాత్రం చెప్పండి: రోవర్ దిగింది చంద్రుడి మీద దాదాపు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో, అక్కడ సూర్యుడు ఆకాశంలో కిందుగా ఉంటాడు.

వెనక చక్రాలకు ముద్ర పెట్టడం మానొద్దు. అసలు రోవర్ వెనక చక్రాల మీద జాతీయ చిహ్నం, ఇస్రో గుర్తు ఉన్నాయి. పాప పేరులో మొదటి అక్షరం ఫోమ్ షీటులో కోసి అంటించండి, అయితే తిరగేసి. పల్చటి కాగితం మీద రాసి, వెనక నుంచి గీస్తే తిరగేసిన అక్షరం దొరుకుతుంది. పళ్లెంలో 2 సెంటీమీటర్ల మందాన తడి ఇసుక పరిచి నడిపించండి, పొడి ఇసుకలో ముద్ర నిలవదు. ప్రతి 19 సెంటీమీటర్లకు ఒక ముద్ర పడుతుంది. ముద్రలు లెక్కపెడితే ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది.

2023 ఆగస్టు 27న ప్రజ్ఞాన్‌కు 3 మీటర్ల ముందు, 4 మీటర్ల వెడల్పు గుంత కనిపించింది. వెనక్కి తిరిగి వచ్చిన దారినే పొమ్మని ఆదేశం ఇచ్చారు. మన కొలతలో సుద్దముక్కతో 1.3 మీటర్ల వలయం గీసి, దానికి మీటరు ముందు రోవర్ ఆపి, వెనక్కి తిప్పుకోవడం మంచి ఆట. పాప స్విచ్చుల దగ్గర వీపు తిప్పి కూర్చోవాలి, మీరు చూసి చెప్పాలి, తర్వాత మారాలి.

ఈ ఆటలో మొదట విరిగేది ముందు చేతి పుల్ల, కప్లింగ్ దగ్గర. అంటించే రోజే రెండు చేతులు అదనంగా అంటించి, రంధ్రాలు వేసి పక్కన పెట్టుకోండి.